పీల్చిందేమిటి?



అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే ఆడవాళ్లు 2022 జూన్ 3న విషవాయువు పీల్చి, వాంతులతో కళ్లు తిరిగి పడిపోయారు. ఆగస్టు 2న మళ్లీ అదే గొడవ. వాళ్ల చేతుల్లో ఉండేది గుడ్డ, దారం. కాబట్టి ‘మాది కెమికల్ కంపెనీ కాదులెండి’ అని ఎవరూ ధీమాగా ఉండకండి.

ఇలాంటప్పుడు మేం డాక్టర్లం ముందు అడిగేది ఒకటే: పీల్చిందేమిటి? ‘ఏదో ఘాటు వాసనండి’ అంటారు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందైతే అట్రోపిన్ ఎక్కించాలి. క్లోరిన్ అయితే దాంతో పనిలేదు. ఆక్సిజన్ పెట్టి ఊపిరితిత్తులను కనిపెట్టుకుని ఉండాలి. పీల్చినదాని పేరు కంపెనీ దగ్గరుండే సేఫ్టీ డేటా షీట్‌లో ఉంటుంది. అందులో 16 విభాగాలు, నాలుగోది ప్రథమ చికిత్స. ఆ కాగితం అంబులెన్సులో మనిషితోపాటు రావాలంటాను నేను. మేనేజరు బీరువాలో తాళం వేసి ఉంటే రాత్రి రెండింటికి ఎవరికి ఉపయోగం?

2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఆరోగ్యానికీ భద్రతకూ సంబంధించిన సమాచారం అడిగి తీసుకునే హక్కు ఉద్యోగిది. ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఉందనిపిస్తే యజమానికీ ఇన్‌స్పెక్టరుకూ ఒకేసారి చెప్పొచ్చు.

బెంజీన్, సీసం లాంటివి ఒక్కసారిగా పడగొట్టవు, మెల్లగా తింటాయి. అలాంటి వాటితో ఆరు నెలలు ఆగకుండా పనిచేసినవాడికి చట్టం జాబితాలోని జబ్బు వస్తే, అది పనివల్లే వచ్చిందని సామాజిక భద్రత కోడ్ లెక్కగడుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది యజమాని. ఈ సంగతి తెలియక ఎంతమంది సొంత డబ్బుతో వైద్యం చేయించుకుంటున్నారో!

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు, కాంట్రాక్టు లేబరైనా సరే, పనిలో గాయపడి కోలుకునేదాకా జీతంలో సుమారు 90 శాతం అందుతుంది. కానీ ప్రమాదం రిజిస్టరులోకి ఎక్కాలి. చిక్కంతా ఇక్కడే. ‘ఇంట్లో రెండ్రోజులు పడుకోరా, హాజరు నేను వేయిస్తా’ అంటాడు సూపర్‌వైజరు. మంచివాడే. కానీ ఆ హాజరు పడిందంటే, ఆ రోజు మీరు నిక్షేపంగా డ్యూటీ చేసినట్టే! రేపు ఊపిరి అందకపోతే చూపించడానికి చీటీ ముక్క ఉండదు.

అందుకే ఇంటికెళ్లేలోపే తేదీ, టైము, పక్కనున్నవాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి. ఆస్పత్రిలో ఓపీ చీటీ మీద ‘గ్యాస్ట్రిక్’ అని రాస్తుంటే చెయ్యి అడ్డం పెట్టండి. ‘కడుపులో గ్యాస్ కాదండీ, ప్లాంటులో గ్యాస్’ అని చెప్పి రాయించుకోండి.