ఇంటి భాషలో పాడితే ఎవరు వింటారు?



మన డోలు గురించి, కొమ్ము నృత్యం గురించి మాకంటే మీ ఊరి పెద్దలే బాగా చెబుతారు. అందుకే ఈరోజు మేము ఆస్ట్రేలియా ఆదివాసీల రాక్ బ్యాండు కథ ఒకటి చెబుతాం. దాని పేరు యోథు యిండీ. వాళ్ల భాషలో 'బిడ్డ, తల్లి' అని అర్థం.

ఆ దేశం ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో యిర్కలా అనే ఊరుంది. యోల్ంగు ఆదివాసీల ఊరు. 1963లో బాక్సైట్ గని కోసం తమ భూమి తీసుకుంటుంటే, చెట్టు బెరడు మీద బొమ్మలు వేసి, దానికే అర్జీ అంటించి పార్లమెంటుకు పంపారు. బాక్సైట్ గొడవ ఏమిటో మన ఏజెన్సీ వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

1986లో ఈ బ్యాండు పుట్టింది. నడిపిన మండావుయ్ యునుపింగు బడిపంతులు. 1990లో ఆ ఊరి బడికే ప్రిన్సిపాల్ అయ్యారు. వాళ్ల బ్యాండులో యోల్ంగులూ ఉన్నారు, తెల్లవాళ్లూ ఉన్నారు. గిటారు, డ్రమ్స్ పక్కనే చెదలు తొలిచిన చెట్టు బోదెతో చేసిన యిడాకీ మోగుతుంది. రెండు కర్రలు కొట్టి తాళం వేస్తారు. ఒకే పాటలో ఇంగ్లీషూ ఉంటుంది, వాళ్ల గుమాజ్ భాషా ఉంటుంది.

1988లో ప్రధాని బాబ్ హాక్ ఆదివాసీలతో ఒప్పందం చేసుకుంటామని మాట ఇచ్చారు. మాట నిలబడలేదు. ఆ కోపంతో 1991లో 'ట్రీటీ' పాట వచ్చింది. మొదట పెద్దగా ఆడలేదు. తర్వాత కొందరు డీజేలు దాన్ని రీమిక్స్ చేశారు. ఇంగ్లీషు మాటలు చాలావరకు తీసేసి, గుమాజ్ మాటలు, యిడాకీ ఉంచి, డ్యాన్సు దరువు కలిపారు. అదే ఆస్ట్రేలియాలో 11వ స్థానానికి ఎక్కింది. అమెరికా డ్యాన్సు క్లబ్బుల్లోనూ మోగింది. 'ట్రైబల్ వాయిస్' ఆల్బమ్ 4వ స్థానానికి చేరింది.

చూశారా, జనానికి అర్థంకాని భాషే పాటను నడిపించింది! అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంగ్లీషు చరణాలతో పాటు మాట తప్పిన సంగతీ చాలావరకు పోయింది. ఎగిరినవాళ్లలో ఎందరికి అసలు గొడవ తెలిసింది? 2013లో ఆ మాస్టారు కన్నుమూసేనాటికి కూడా ఒప్పందం రాలేదు.

ఈ కథ ఎందుకు ఎత్తుకున్నామంటే, మాదీ ఒక తప్పుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, హాస్టల్‌లో కోయ భాష వినబడితే "తెలుగులో మాట్లాడండి" అని గదిమేవాళ్లం. పిల్లల చదువు కోసమే అనుకున్నాం. ఒక సాయంత్రం ఒక పాప బట్టలు ఉతుకుతూ రేలా పాట పాడుకుంటోంది. మమ్మల్ని చూసి టక్కున ఆపేసింది. ఆ పాప మళ్లీ మా ముందు పాడలేదు. అక్కడ ఆ మాస్టారు బడినీ పాటనీ కలిపి నడిపితే, ఇక్కడ మేము బడి పేరుతో పాట నోరు మూయించాం.

ఇప్పుడు మా హాస్టల్‌లో ఆదివారం సాయంత్రం ఇంటి భాషలోనే పాటలు. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ సెలవులకు ఇంటికెళ్లి మీ అవ్వ పాట ఒకటి రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, ఊరు, పాట అర్థం రాసి పెట్టండి. ఆ తర్వాత గిటారే కలుపుతారో, డీజేయే కలుపుతారో మీ ఇష్టం. అవ్వను అడిగి కలపండి, అర్థం పోకుండా కలపండి.