కూటసాక్ష్యం: శిక్షకు ముందున్న గడప

కోర్టులో ప్రమాణం చేసి అబద్ధమాడినవాణ్ణి చట్టం ఏం చేస్తుందన్నది ఈనాటి విషయం. దొంగ సాక్ష్యాలు పెరిగాయన్న మాట వచ్చినప్పుడల్లా శిక్ష పెంచాలన్న మాట కూడా వెంటే వస్తుంది. మన దగ్గర శిక్షకు ఏనాడూ లోటు లేదు, లోటల్లా దానిదాకా వెళ్ళే దారిలోనే ఉందని నా వాదన. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం లోభం, మోహం, భయం, స్నేహం, కామం, క్రోధం, అజ్ఞానం, బాల్యం అని అబద్ధానికి కారణాలు ఎంచి, ఒక్కోదానికి ఒక్కో దండన చెప్పింది. లోభానికి వెయ్యి పణాలు. వర్ణాన్ని బట్టి శిక్ష మార్చిన అన్యాయమూ అక్కడే ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. అయినా సాక్షి ఎందుకు బొంకాడని అడగడం తెలివైన పని. 13వ శతాబ్దంలో కేతన మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యను తెలుగు చేసి, ఇలాంటి వ్యవహార ధర్మాన్ని మనవాళ్ళకు మన భాషలోనే అందించాడు.

1860 నాటి శిక్షాస్మృతి ఆ ప్రశ్నను పక్కన పెట్టింది. న్యాయ విచారణలో తెలిసి అబద్ధపు సాక్ష్యమిస్తే 193వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా ఖైదు, మిగతా చోట్ల మూడేళ్ళు. ఒకరికి ఉరి పడాలని చెప్పిన అబద్ధం వల్ల నిరపరాధి నిజంగానే ఉరికంబం ఎక్కితే, చెప్పినవాడికీ మరణశిక్ష వేయవచ్చునని 194 అంది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయసంహిత 229వ సెక్షన్‌లో ఆ ఏడేళ్ళు, మూడేళ్ళు అలాగే ఉంచి, జరిమానాకు పదివేలు, అయిదువేలు అని హద్దు గీసింది. ఇంత శిక్ష ఉండీ భయం లేదంటే కారణం వేరే చోట వెతకాలి.

ఆ చోటు నేర విచారణ స్మృతిలో ఉంది. పాత 195, 340 సెక్షన్లు, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 215, 379. కోర్టులో చెప్పిన అబద్ధం మీద ఓడిన కక్షిదారు గానీ పోలీసులు గానీ నేరుగా కేసు పెట్టలేరు, ఆ కోర్టే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. లేకపోతే ఓడిన ప్రతివాడూ గెలిచినవాడి సాక్షులను బోనెక్కిస్తాడు. కాబట్టి ఈ గడప ఉండవలసిందే. అబద్ధం ఉద్దేశపూర్వకమై, శిక్ష పడే అవకాశం ఉంటేనే ముందుకు వెళ్ళాలని సుప్రీంకోర్టు 1971లో ఛజూరామ్ కేసులో చెప్పింది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది కక్షిదారుకు జరిగిన నష్టాన్ని బట్టి కాక, న్యాయపాలన మీద పడే ప్రభావాన్ని బట్టి తేల్చాలని 2005లో ఇక్బాల్ సింగ్ మార్వా కేసులో రాజ్యాంగ ధర్మాసనం అంది. గడప దాటించడం త్వరగా జరగాలని 1955లో అప్పటి విచారణ స్మృతిలో 479ఎ అనే సెక్షన్ చేర్చారు. తీర్పు చెప్పేటప్పుడే జడ్జి ఆ సంగతి నమోదు చేయాలి, చేయకపోతే తర్వాత పాత దారీ మూసుకుపోతుంది. తలుపు వెడల్పు చేయబోయి గడియ పెట్టినట్టయింది. 1973 స్మృతి దాన్ని వదిలేసి 344 తెచ్చింది. సెషన్స్ కోర్టు గానీ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు గానీ సంగ్రహ విచారణతో మూడు నెలల దాకా ఖైదు వేయవచ్చు. అదే నేటి 383. ఏడేళ్ళ శిక్ష కన్నా పనికొచ్చేది ఈ మూడు నెలలేనని నా అభిప్రాయం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది: పొరపాటు పడ్డ సాక్షి కూడా ఇందులో చిక్కుకోడా? చట్టం ఆ మాట ముందే ఆలోచించింది. ఒకరి చేతిరాత తెలిసినవాడు ఒక సంతకం అతనిదేనని నమ్మి, నమ్ముతున్నానని చెబితే, సంతకం అతనిది కాకపోయినా అది అబద్ధపు సాక్ష్యం కాదని శిక్షాస్మృతిలో ఉదాహరణే ఉంది. పోలీసుల ముందు చెప్పిన మాటకూ బోనులో మాటకూ పొంతన లేనంత మాత్రాన నేరం రుజువు కాదు, మొదటిది ప్రమాణం మీద చెప్పింది కాదు. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి ఒకటి, సెషన్స్ కోర్టులో మరొకటి చెబితే మాత్రం ఏది అబద్ధమో తేలకపోయినా శిక్షించవచ్చు. డిఫెన్సు లాయరుకు ఇదే కష్టమైన చోటు. అప్పుడు కూడా కావాలని చెప్పలేదని వాదించవచ్చు, ఫిర్యాదు చేయాలన్న ఉత్తర్వు మీద పై కోర్టుకు అప్పీలుంది.

బెదిరింపుకు లొంగి అడ్డం తిరిగినవాడి మాటేమిటన్నది ఇంకా బరువైన అభ్యంతరం. గుజరాత్ అల్లర్ల నాటి బెస్ట్ బేకరీ హత్యల కేసులో మాట మార్చిన సాక్షికి 2006లో సుప్రీంకోర్టు ఏడాది ఖైదు వేసింది, అదీ కోర్టు ధిక్కారం కింద. 2018లో అదే కోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ అలాంటి పథకాన్ని ప్రకటించాలంటోంది. మనువు ఎంచిన కారణాల్లో భయానికి జవాబు అక్కడ ఉంది. లోభానికి జవాబు 383లో ఉంది. కాని ఆ సెక్షన్ కదలాలంటే తీర్పులో సాక్షి నమ్మదగినవాడు కాదని రాస్తే చాలదు, తెలిసి తెలిసీ అబద్ధమాడాడని జడ్జి ఆ పూటే రాయాలి.