నోటీసు ఎవరికి కనపడుతుంది?

(తిరుపతిలో విశ్వవిద్యాలయాల మహిళా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్యాంపస్ వార్తల గురించీ, ఉద్యోగులకూ అధ్యాపకులకూ రాబోయే అవకాశాల గురించీ మాట్లాడమని నన్ను పిలిచారు. కోర్సులు, పదోన్నతులు, ఖాళీలు, సెలవులు, వీటి జాబితా ఒకటి చదివి కూర్చోవచ్చు. కానీ నేను చదివే జాబితా మీలో సగం మందికి అప్పటికే గడువు దాటిపోయిన జాబితా అవుతుంది. అందుకే జాబితా కంటే ముందుగా అడగవలసిన ప్రశ్న అడుగుతాను. ఈ వార్తలు ఎవరికి చేరుతున్నాయి? ఎవరి ద్వారా చేరుతున్నాయి? ఎన్నో రోజున చేరుతున్నాయి?

మన ప్రాంతంలో క్యాంపస్‌లకు కొదవ లేదు. 1954లో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2015లో ఐ.ఐ.టి., ఐసర్ వచ్చాయి. వీటన్నిటిలోనూ ఊడ్చేవాళ్ల దగ్గర నుంచి ఆచార్యుల దాకా స్త్రీలు పనిచేస్తున్నారు. మేడలు పెరిగాయి. వార్త నడిచే దారి మాత్రం పెద్దగా మారలేదు.

ఒక సర్క్యులర్ ఎట్లా నడుస్తుందో చూడండి. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ప్రిన్సిపాలుకు, అక్కడి నుంచి శాఖాధిపతికి వస్తుంది. శాఖాధిపతి ఊళ్లో లేకపోతే ఆయన బల్ల మీద రెండు రోజులు పడి ఉంటుంది. తర్వాత గుమాస్తా చేతికి, చివరికి సంతకాల కోసం అటెండరు చేతికి. ఇది కాగితం దారి. దీని కంటే ముందే పరుగెత్తే దారి ఇంకొకటి ఉంది. సాయంత్రం అయిదు తర్వాత టీ కొట్టు దగ్గర, సంఘం గదిలో, స్కూటరు స్టాండు వేసి నిలబడి మాట్లాడుకునే చోట అది ఉంటుంది. ఏ పోస్టు పడబోతోంది, ఏ కమిటీలో ఎవరిని వేస్తున్నారు, ఏ కోర్సుకు ఎన్ని సీట్లు మిగిలాయి, అన్నీ అక్కడ తెలుస్తాయి. ఆ వేళకు మన స్త్రీలు చంద్రగిరి బస్సు కోసమో, పాకాల బస్సు కోసమో పరుగెత్తుతూ ఉంటారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు, మంచిదే. కానీ ఆ బస్సు దిగాక ఇంట్లో వంట ఎదురు చూస్తూనే ఉంది.

ఇప్పుడు వాట్సాప్ గ్రూపులున్నాయి కదా, అందరికీ ఒకేసారి తెలుస్తుంది కదా అంటారు. ఆ గ్రూపులో ఎవరెవరున్నారో ఒకసారి లెక్కపెట్టండి. పర్మనెంటు అధ్యాపకులు ఉంటారు. అకడమిక్ కన్సల్టెంట్లు కొన్నిచోట్ల ఉంటారు, కొన్నిచోట్ల ఉండరు. హాస్టలు మెస్సులో వండే అక్క, లేడీస్ హాస్టలు వాచ్‌మన్‌గా రాత్రంతా కూర్చునే ఆమె (వాచ్‌మన్ అన్న మాటకు స్త్రీలింగం ఎవరూ తయారు చేయలేదు), రోజుకూలీ మీద తోటపని చేసే ఆమె, వీళ్లు ఏ గ్రూపులో ఉన్నారు?

ఒక విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకురాలి సంగతి చెబుతాను. పేరూ ఊరూ వద్దు. ఆమె పదోన్నతికి ఒక రిఫ్రెషర్ కోర్సు తక్కువైంది. మూడు వారాల కోర్సు. సర్క్యులర్ ఆమె చేతికి వచ్చేసరికి రెండు రోజుల గడువు మిగిలింది. రెండేళ్ల పిల్ల, మంచం మీద అత్తగారు. రెండు రోజుల్లో మూడు వారాలకు ఇల్లు ఎవరికి అప్పజెప్పాలి? ఆమె వెళ్లలేకపోయింది. అదే గదిలో కూర్చునే సహోద్యోగికి నెల ముందే తెలుసు. ఆయన చెడ్డవాడు కాడు, అడిగితే చెప్పేవాడే. అడగాలని ఆమెకు తెలియాలి కదా! తర్వాత అందరూ అన్నమాట ఒకటే: "ఆడవాళ్లకు కెరీర్ మీద ఆసక్తి ఉండదండీ." వార్త ఆలస్యంగా వచ్చిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. గడువు అందరికీ ఒకటే అని కాగితం చెబుతుంది. ఇల్లు సర్దుకుని బయలుదేరవలసిన వాళ్లకు నెల రోజుల గడువు, రెండు రోజుల గడువు ఒకటి ఎట్లా అవుతాయి?

ఈ ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు నడపటానికి 1986 జాతీయ విద్యావిధానం తర్వాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. 2023లో మాలవీయ మిషన్ పేరు పెట్టారు. పొట్టి కోర్సులు చాలా ఇప్పుడు ఆన్‌లైన్‌లో నడుస్తున్నాయి. ఊరు వదలనక్కర లేదు కాబట్టి స్త్రీలకు సులువని అందరూ సంతోషిస్తున్నారు. నాకు అంత సంతోషం లేదు. ఇంట్లో కూర్చుని కోర్సు వినే స్త్రీని ఇంట్లో ఖాళీగా ఉన్న స్త్రీగానే చూస్తారు. పాఠం వింటూ కుక్కరు విజిల్లు లెక్కపెట్టిన వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. కోర్సు రోజుల్ని డ్యూటీగా రాసి ఇవ్వండి, ఆ రోజుల్లో క్లాసులు వేయకండి అని మనం రాతపూర్వకంగా అడగాలి.

మనకు అనుకూలంగా ఉన్న నిబంధనలు నోటీసు బోర్డుకు ఎక్కడం మరీ అరుదు. 2018 యు.జి.సి. నిబంధనల్లో ఒక సంగతి ఉంది. పదోన్నతి కోసం పని అంచనా వేసేటప్పుడు ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు వంటి జీతంతో కూడిన సెలవుల కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి. మిగిలిన కాలంలో ఆమె చేసిన పనిని బట్టే మొత్తం కాలానికి అంచనా కట్టాలి. అంటే కాన్పుకు వెళ్లిన ఆరు నెలల్లో పాఠాలు చెప్పలేదని మార్కులు కోయకూడదు. ఈ వాక్యం చూపించి వాదించిన వాళ్లెందరు? పిహెచ్.డి. చేసే స్త్రీలకు గడువు మీద రెండేళ్ల సడలింపు, 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. గైడు చెప్పడు, ఆఫీసు చెప్పదు. రాష్ట్ర ప్రభుత్వం మహిళా ఉద్యోగులకు 2016లో 60 రోజుల శిశు సంరక్షణ సెలవు ఇచ్చి, 2022లో దాన్ని 180 రోజులు చేసింది. సెలవు అడిగిన స్త్రీని ముందు ఎగాదిగా చూసి ఆ తర్వాత ఫైలు తెరిచే ఆఫీసులు ఇంకా ఉన్నాయి.

పర్మనెంటు కాని వాళ్ల సంగతికి వస్తాను. 2000 మార్చి 8న, సరిగ్గా మహిళా దినం నాడు, ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలు మీద రోడ్డు పనులు చేసే స్త్రీల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దినకూలీ స్త్రీకీ ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాలన్నది. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. ఆ చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది, వారాల లెక్క మారలేదు. ఒప్పందం మీద పనిచేసిన ఒక వైద్యురాలి కేసులో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకొక మాట చెప్పింది. ఒప్పందం గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆగిపోకూడదని. విద్యా సంవత్సరం చివర ఒప్పందం ముగిసి, మళ్లీ ఆర్డరు వచ్చేదాకా ఊపిరి బిగపట్టి కూర్చునే కన్సల్టెంటు అమ్మాయిలకు ఇంతకంటే పెద్ద క్యాంపస్ వార్త ఏముంది? గర్భం సంగతి తెలిస్తే ఆర్డరు ఇవ్వరేమోనని పైటకొంగు నిండుగా కప్పుకుని పాఠం చెప్పిన పిల్లల్ని నేను చూశాను.

నోటీసు బోర్డు మీద ఏం పెట్టాలో చట్టమే చెప్పిన సందర్భం ఒకటుంది. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో 19వ సెక్షను చూడండి. వేధింపులకు పడే శిక్షలు, ఫిర్యాదుల కమిటీని వేసిన ఉత్తర్వు, ఇవి అందరికీ కనిపించే చోట పెట్టాలి. దినకూలీ అయినా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినా ఆ చట్టం దృష్టిలో ఉద్యోగే. 2015 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం కమిటీలో బోధనేతర ఉద్యోగులు ఉండాలి. విద్యార్థుల వ్యవహారమైతే విద్యార్థులూ ఉండాలి. ఉపకులపతి, రిజిస్ట్రారు, డీను, శాఖాధిపతి వంటి పదవుల్లో ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండకూడదు. 2023 మే నెలలో గోవా విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ కమిటీలు ఉన్నాయో లేవో తనిఖీ చేయమని ఆదేశించవలసి వచ్చింది. చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు! ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది, కారణం చూపితే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. కమిటీ పేర్లు తెలియక ఆ మూడు నెలలూ గడిచిపోతే తప్పు ఆమెదా? ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి కుప్పం వాళ్లకు చిత్తూరు, మనకు తిరుపతి.

ఉద్యోగాల గురించి కొంచెమే చెబుతాను. మన రాష్ట్రంలో 1984 నుంచి ప్రభుత్వ నియామకాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయింపు ఉంది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత అది మూడో వంతు అయింది. కానీ నియామకమే జరగకపోతే ఏ వంతు ఏం చేసుకోవాలి? 2023 చివర్లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా బోధన పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చి కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకున్నాయి. ఏళ్ల తరబడి కన్సల్టెంట్లుగా చేస్తున్న వాళ్ల వయసు మాత్రం ఏ వ్యాజ్యం కోసమూ ఆగదు.

మనం చేయగలిగింది ఉంది. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. గత రెండేళ్లలో ఏయే కోర్సులకు సర్క్యులర్లు వచ్చాయి, ఏ తేదీన ఏ శాఖకు చేరాయి, ఎవరిని పంపారు, అందులో స్త్రీలెందరు అని అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కరే పెడితే శాఖాధిపతి ముఖం మాడ్చుకుంటాడు, పదిమంది పది శాఖల నుంచి పెట్టండి. లేడీస్ రూములో ఒక నోటు పుస్తకం వేలాడదీయండి. ఎవరికి ఏ వార్త తెలిసినా గడువు తేదీతో సహా అందులో రాయాలి. చదవలేని వాళ్లకు మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళ ఎవరో ఒకరు చదివి వినిపించాలి.

నేను చాలాసేపే మాట్లాడాను. ఇక మీరు అడగండి. మెస్సు నుంచి వచ్చిన అక్కలు ముందు మాట్లాడితే బాగుంటుంది. నాలుగున్నరకు వాళ్లు మళ్లీ పొయ్యి దగ్గర ఉండాలి.