సూళ్లూరుపేట విస్తరణ – ప్రజా రవాణా

ఎవరి పేరిట ఈ సభ జరుపుకుంటున్నామో ఆ మాస్టారు జీవితమంతా బస్సుల్లో, ప్యాసింజర్ రైళ్లలో తిరిగినవారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

జనం కిక్కిరిసిన ఊళ్లోనే బస్సు గిట్టుబాటవుతుందని, పల్చగా ఉంటే నష్టమేనని అంటుంటారు. అది సగం నిజం. మిగతా సగం మన సూళ్లూరుపేటలోనే కనబడుతుంది.

పొద్దున శ్రీహరికోట దారి చూడండి. అక్కడి అంతరిక్ష కేంద్రం షార్ బస్సులు వరసగా పులికాట్ సరస్సు దాటి పోతుంటాయి. చాలా మేర అటూ ఇటూ నీళ్లే, ఎండాకాలమైతే బీటలు వారిన నేల. దారిలో ఎక్కేవాళ్లుండరు. అయినా బస్సు నిండుతుంది. ఉద్యోగుల కాలనీలు ఒకచోట ఉన్నాయి, పని ఒకచోట ఉంది, వెళ్లే వేళా ఒకటే. తడ పక్కన శ్రీసిటీ పారిశ్రామికవాడ అలా కాదు. పని ఒకచోటే గానీ పనివాళ్లు ఎన్నో పల్లెల నుంచి రావాలి. కంపెనీ బస్సు ఊరూరూ తిరిగి ఎక్కించుకోవలసిందే.

చిన్న లెక్క చెబుతాను. బస్టాపు చుట్టూ అర కిలోమీటరు నడక దూరమంటే సుమారు 78 హెక్టార్లు. హెక్టారుకు 100 మంది ఉంటే అక్కడ 7,800 మంది. 20 మందే ఉంటే 1,560. పదిమందిలో ఒకరు బస్సెక్కినా మొదటిచోట 780 మంది, రెండోచోట 156. మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి చాలా ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేకుండా పోయింది, చాలా మంచి పని. కానీ స్టాపు దాకా నడక ఎవరికీ తప్పదు.

సగటు లెక్కలు మాత్రం మోసం చేస్తాయి. 2010 అమెరికా జనగణనలో, శివార్లతో కలిపి చూస్తే, లాస్ ఏంజిలిస్‌లో చదరపు కిలోమీటరుకు సుమారు 2,700 మంది, న్యూయార్క్‌లో 2,050. అయినా రైలూ బస్సూ నిండేది న్యూయార్క్‌లోనే. అక్కడ ఇళ్లూ ఆఫీసులూ రైలు మార్గాల వెంట గుమిగూడాయి. లాస్ ఏంజిలిస్‌లో జనం అంతటా పరుచుకున్నారు.

మన స్టేషను సంగతి చూడండి. చెన్నై నుంచి గుమ్మిడిపూండి దాకా తరచుగా వచ్చే లోకల్ రైళ్లు ఆరంబాక్కం, తడ, అక్కంపేట దాటి ఇక్కడికొచ్చేసరికి కొన్నే మిగులుతాయి. మెయిన్ లైను మీద దూరప్రాంతపు రైళ్ల రద్దీ ఒక కారణం, మధ్యలో ఊళ్లు చిన్నవి కావడం మరొకటి. రైలు తప్పితే ప్లాట్‌ఫారం మీద గంటల కొద్దీ పడిగాపులు. అందుకే కుర్రవాళ్లు బండి కొంటారు. బండి ఉన్నవాడు ఊరికి దూరంగా, చవగ్గా ప్లాటు కొంటాడు. ఆ లేఅవుటులోకి ఏ బస్సూ రాదు. రేపు అతని తల్లికి ఆసుపత్రికి వెళ్లాలన్నా ఆటోయే గతి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మునిసిపాలిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. స్టేషనుకూ బస్టాండుకూ నడిచి వెళ్లగలిగే దూరంలో ఖాళీగా ఉన్న స్థలాల్లో ముందు ఇళ్లు రానివ్వండి. ఊరి బయటి లేఅవుట్లకు బస్సు తిరిగేంత రోడ్డు, పక్క లేఅవుటుతో కలిపే దారి చూపించాకే అనుమతి ఇవ్వండి.