ఎండల ఊరిలో ఇంటి కూరగాయలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణము ముగిసినవి. ఇక కొంచెము మట్టిని గురించి, నీటిని గురించి మనవి చేసుకుంటాము.

పండుగ వెళ్ళగానే మన చంద్రపూర్‌లో ఎండలు ముదురుతవి. మే నెలలో 46, 47 డిగ్రీలు మనకు కొత్త కాదు. పిల్లల సెలవులకు కాజీపేట వైపు బండి ఎక్కి తిరిగి వచ్చేసరికి, చాలా ఇళ్ళలో కుండీలలోని తోటకూర, బచ్చలి ఎండుపుల్లలై ఉంటవి. ఆ మీదట "ఈ ఊళ్ళో ఏమీ పెరగదు" అనే మాట వినబడుతుంది. ఊరికి ఆ నింద తగదు.

పైనుంచి పోసిన చెంబెడు నీటిలో కొంత ఆవిరైపోతుంది, కొంత అడుగున కారిపోతుంది. మళ్ళీ పోసేలోగా వేరు ఎండుతుంది. అదే నీటిని వేరు కింద నిలవచేస్తే మొక్క తనకు కావలసినంత తాగుతుంది. ప్రమిదలో నూనె వత్తి వెంట పైకి పాకినట్లే మట్టిలో నీరు పైకి పాకుతుంది. ఇది పాత ఆలోచనే. క్రీస్తుకు పూర్వము ఒకటవ శతాబ్దములో చైనాలో ఫాన్ షెంగ్‌జీ రచించిన వ్యవసాయ గ్రంథములో, నీటికుండను పాతి దాని చుట్టూ పాదులు పెంచే పద్ధతి ఉన్నది.

ఇంట్లో చేసుకొనే విధము ఇది. ఒకే కొలత గల రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకోవలెను. కింది బకెట్‌లో ఇటుక ముక్కలు పెట్టి, వాటిపై రెండవదానిని నిలపాలి. పైదాని అడుగున చిల్లులు పొడిచి, నడుమ చిల్లుల డబ్బా ఒకటి మట్టి నింపి నీటిలోకి దిగేటట్లు అమర్చాలి. అదే వత్తి. నీరు పోయుటకు ఒక గొట్టము దించాలి. కింది బకెట్ పక్కన, పైబకెట్ అడుగుకు కొంచెము దిగువన ఒక రంధ్రము చేస్తే ఎక్కువైన నీరు బయటికి పోతుంది. గొట్టము మూతికి, ఆ రంధ్రమునకు గుడ్డ కట్టండి. లేకపోతే దోమలకు ఇల్లు కట్టించినవారమవుతాము. నెలకొకసారి పైనుంచి నిండుగా నీరు పోస్తే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది.

ఇక మట్టి. మన నల్లరేగడి తడిస్తే బంక, ఎండితే రాయి. దానిని ఒక్కదానినే నింపరాదు. మట్టి ఒక పాలు, బాగా మాగిన ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. పైన ఎండుటాకులు కప్పండి. మట్టిలో కంటికి కనబడని కోట్ల జీవులున్నవి. నీడ, తేమ, తిండి ఉంటేనే అవి బ్రతుకుతవి. పాత మొక్కను పెరికివేయక మొదట కోసి, వేరును మట్టిలోనే కుళ్ళనివ్వండి. ఒక పంట బొబ్బర్లు వేస్తే వాటి వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తవి.

మన విదర్భలోని అమరావతి జిల్లాకు చెందిన సుభాష్ పాలేకర్ గారు ప్రచారము చేసిన జీవామృతము మన కుండీలకూ పనికివస్తుంది. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించినది. రెండు లీటర్ల నీటిలో 100 గ్రాముల ఆవుపేడ, 100 మిల్లీలీటర్ల ఆవుమూత్రము, 20 గ్రాముల బెల్లము, 20 గ్రాముల పప్పుపిండి, చిటికెడు మంచి మట్టి కలిపి రెండు రోజులు నీడన ఉంచండి. పది రెట్లు నీరు చేర్చి మట్టిపై పోయండి. కింది నీటిలో పోస్తే కంపు కొడుతుంది.

ఇప్పుడు గోంగూర, తోటకూర, బచ్చలి, బెండ విత్తండి. కొత్తిమీర, పాలకూరలకు చలికాలము వరకు ఆగండి. మధ్యాహ్నపు ఎండకు పచ్చని వల కట్టండి. బొగ్గుదుమ్ము ఊరు కనుక ఆకును కడిగి వండండి.

అయితే నిండా నీరు పోసి, తాళము వేసి నెలరోజులు ఊరికి పోరాదు. మే నెలలో బెండమొక్క రెండు మూడు రోజులలోనే బకెట్ ఖాళీ చేయగలదు. పొరుగింటి వహినిగారికి ఒక మాట చెప్పండి. మన గోంగూర వారి అంబాడీయే; కట్టెడు కోసుకొని గొట్టములో రెండు చెంబులు పోయుటకు వారు సంతోషిస్తారు. బదిలీ వస్తే బకెట్లు మన వెంట వస్తవి. మన పిల్లలకు గోంగూర మొక్క కూడా తెలుస్తుంది.