వాట్సాప్‌లో పంపితే భద్రం కాదు

వానలు మొదలయ్యాయి, ఇంటింటా మళ్లీ బుడమేరు వరద మాటే. ఆ భయంతోనే, ఫోన్లో ఉన్న ఫోటోలు కంప్యూటర్లోకి ఎలా ఎక్కించుకోవాలని గుడివాడ, పామర్రు, అవనిగడ్డల నుంచి శ్రోతలు రాశారు. వారిలో చాలామంది, “పిల్లలకు వాట్సాప్‌లో పంపేశాం, ఇక భయం లేదు కదండీ” అని కూడా రాశారు. ఉందండీ. మామూలుగా పంపితే వెళ్లేది ఫోటోకి కుదించిన నకలు మాత్రమే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లను ముంచెత్తింది. నీళ్లు తీశాక ఒకావిడ తడిసిన ఫోన్ పట్టుకొచ్చారు. అది మరి వెలగలేదు. చనిపోయిన వాళ్లమ్మగారి ఫోటో ఆ ఫోన్లోనే తీశారట. “బందరులో చెల్లికి వాట్సాప్‌లో పంపాను, దాన్నే పటం కట్టించుకుంటాను” అన్నారు. స్టూడియోవాళ్లు పెద్దది చేస్తే చీర జరీ అంచు పసుపు మరకలా అలుక్కుపోయింది, కనురెప్పలు గళ్లుగళ్లుగా విడిపోయాయి. ఆవిడ దాన్ని చేత్తో తడుముతూ కూర్చున్నారు. మేడమీద అబ్బాయి కంప్యూటర్ మాత్రం తడవలేదు. ఛార్జింగ్ తీగ ఇంట్లోనే ఉంది. ముందే ఆ తీగతో ఫోటోని కంప్యూటర్లోకి ఎక్కించి ఉంటే దక్కేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని.

ఆండ్రాయిడ్ ఫోన్‌ని తీగతో కంప్యూటర్‌కి కలిపితే ముందు ఛార్జింగే ఎక్కుతుంది. “కలిపాం, ఏమీ కనబడలేదు” అని రాసినవారికి జరిగింది ఇదే. ఫోన్ తెరను పైనుంచి కిందికి లాగి, యూఎస్‌బీ అన్నచోట నొక్కి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. ఐఫోన్ అయితే ట్రస్ట్ అని అడుగుతుంది, ఒప్పుకోండి. కంప్యూటర్లో ఫోన్ పేరు తెరిస్తే డీసీఐఎం అనే ఫోల్డర్ ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో అయితే దాని లోపల కెమెరా ఫోల్డర్. ఫోటోలు అక్కడే ఉంటాయి. కాపీ చేయండి, కట్ చేయకండి. మధ్యలో తీగ ఊడినా ఫోన్లోవి ఫోన్లోనే ఉంటాయి. అప్పటికీ కనబడకపోతే తీగ మార్చి చూడండి. కొన్ని చవక తీగలు కరెంటు తప్ప ఫైళ్లు మోయవు.

12 మెగాపిక్సెల్ ఫోటో అంటే 1 కోటీ 20 లక్షల చుక్కలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వాటిలో చాలాభాగం రాలిపోతుంది. రాలినవి మళ్లీ ఎవరూ పోయలేరు, నన్ను అడక్కండి! తప్పనిసరిగా వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, కుదించదు.

ఎక్కించాక కంప్యూటర్లో నాలుగైదు ఫోటోలు తెరిచి చూడండి. వీడియోలైతే చివరిదాకా నడిపించండి. ఫోన్లోవి ఆ తరవాతే తీసేయండి.