నెంబరు దాచే హక్కు ఎవరికుంది?



ఈ రోజు ఆఫీసు ఫోన్ గురించి మాట్లాడతాను. ఇదేం పెద్ద విషయం అనుకోకండి. మనం ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే అవతలివాళ్ల తెర మీద మన నెంబరు కనపడాలా, వద్దా? సహాయ కేంద్రాల్లో పనిచేసే మిత్రులు అడిగే ప్రశ్న ఇది. వాళ్ల భయంలో న్యాయం ఉంది. భర్త కొడుతున్నాడని ఒక అక్క చెప్పుకుంటుంది. ఆమెకు మళ్లీ ఫోన్ చేయాలి. మన ఊళ్లలో చాలా ఇళ్లల్లో ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఫోన్. ఈ నెంబరు ఎవరిదని భర్త నిలదీస్తే ఆమె గతి ఏంటి?

ముందు ఇది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. ఆఫీసులో ఈపీఏబీఎక్స్ అనే పెట్టె ఉంటుంది. లోపల ఎక్స్‌టెన్షన్లు, బయటికి పోయే లైన్లు దానికే కలుస్తాయి. కాల్ బయటికి పోయేటప్పుడు రెండు సంగతులు కలిసి పోతాయి. ఒకటి మన నెంబరు. రెండోది, ఆ నెంబరు చూపించొచ్చా లేదా అనే గుర్తు. "చూపించొద్దు" అని పెట్టినా నెంబరు మాత్రం ఫోన్ కంపెనీకి పోనే పోతుంది. చివరి ఎక్స్ఛేంజి దాన్ని అవతలి ఫోన్‌కు అందించదు, అంతే. తెర మీద "ప్రైవేట్ నెంబర్" అని వస్తుంది. కంపెనీ రికార్డులో అంతా ఉంటుంది, పోలీసులు అడిగితే దొరుకుతుంది.

అమెరికాలో నెంబరుకు ముందు *67 నొక్కితే ఆ ఒక్క కాల్‌కు నెంబరు కనపడదు. బ్రిటన్‌లో 141 నొక్కుతారు. మొబైల్ నుంచి #31# అనే పద్ధతి కూడా ఉంది, కానీ అది నెట్‌వర్క్ ఒప్పుకుంటేనే నడుస్తుంది. మన దేశంలో అట్లా ఇష్టమొచ్చినట్టు కుదరదు. నెంబరు దాచే సౌకర్యాన్ని సీఎల్ఐఆర్ అంటారు. కాల్ సెంటర్లకు, టెలిమార్కెటింగ్ వాళ్లకు, ఒకే పేరు మీద ఎక్కువ కనెక్షన్లు తీసుకున్నవాళ్లకు దాన్ని ఇవ్వొద్దని టెలికాం లైసెన్సు షరతుల్లోనే ఉంది. వేరేవాళ్లకు ఇచ్చినా పూర్తిగా పరిశీలించి ఇవ్వాలి. వాళ్ల పేరు, చిరునామా ప్రభుత్వ సంస్థలు చూసేలా పాస్‌వర్డ్ ఉన్న వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఇంకొకటి కూడా తెలుసుకోండి. నెంబరు దాచడం వేరు, దొంగ నెంబరు చూపించడం వేరు. "మీ కాల్ ఏ నెంబరు నుంచి వచ్చినట్టు కావాలంటే అట్లా కనపడేలా చేస్తాం" అని ఎవరైనా యాప్ అమ్మడానికి వస్తే దగ్గరికి రానివ్వకండి. ఫోన్ గుర్తింపును తారుమారు చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల దాకా జరిమానా అని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం చెప్తుంది.

ఇంత కట్టడి ఎందుకు? అప్పు వసూలుకు బెదిరించేవాడు, పోలీసునని చెప్పి డబ్బు గుంజేవాడు ముందు చేసే పని తన నెంబరు దాచుకోవడమే. అందుకే సరుకు అమ్మే ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నెంబర్ల నుంచి రావాలని పెట్టారు. బ్యాంకులు తమ ఖాతాదారులకు చేసే సేవల కాల్స్‌కు 1600తో మొదలయ్యే నెంబర్లు ఇచ్చారు. నెంబరు చూసి, ఎవడు పిలుస్తున్నాడో తెలుసుకునే హక్కు మనకుంది. మనం అడిగే ఆ హక్కే మన ఆఫీసు ఫోన్ చేసిన మనిషికి కూడా ఉంటుంది కదా.

సిగ్నల్ సంగతి కూడా ఆలోచించండి. ఊళ్లో టవర్ అందదు. సాయంత్రం గుట్ట ఎక్కితే రెండు గీతలు వస్తాయి. అప్పుడు మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తారు. మనం నెంబరు దాచేస్తే ఆ మనిషి ఎవరికి చేయాలి? ఆపదలో ఉన్నవాళ్లకు మనమే దారి మూసేసినట్టు అవుతుంది. పైగా "ప్రైవేట్ నెంబర్" అని కనపడితే చాలామంది భయపడి ఎత్తరు. అనుమానపు భర్తకు ఆ మాటే చాలు, గొడవ పెట్టుకోవడానికి.

మరి ఆ అక్కను ఎట్లా కాపాడాలి? దానికి దారులు ఉన్నాయి.

ఒకటి, ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి చేసినా ఆఫీసు ప్రధాన నెంబరు ఒక్కటే కనపడేలా పెట్టించండి. పెట్టె చూసుకునే మెకానిక్, లైన్ ఇచ్చిన కంపెనీ ఇద్దరూ కలిసి చేయాల్సిన పని అది. చూపించే నెంబరు మీకు కేటాయించిందే అయి ఉండాలి. కార్యకర్త సొంత నెంబరు కూడా దీంతో బయటపడదు.

రెండు, ఆ నెంబరుకు తిరిగి చేస్తే మనిషి ఎత్తాలి. ఎత్తగానే సంస్థ పేరు చెప్పొద్దు. "నమస్తే, చెప్పండి" అంటే చాలు. రికార్డు చేసిన స్వాగతం ఉంటే అందులో "మహిళా సహాయం" అనే మాట లేకుండా చూడండి.

మూడు, మొదటిసారి మాట్లాడినప్పుడే అడిగి రాసుకోండి. ఏ టైముకు చేయాలి, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పాలి. ఆమె వద్దంటే మనం చేయనే వద్దు. ఆమే చేసినప్పుడు మాట్లాడదాం. అక్కకు 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112 కూడా చెప్పి ఉంచండి.

నాలుగు, ట్రూకాలర్ లాంటి యాప్‌లు మన నెంబరుకు ఏ పేరు చూపిస్తున్నాయో వేరే ఫోన్‌లో చూడండి. మనం చెప్పకపోయినా ఆ పేరు మనల్ని బయటపెట్టొచ్చు.

ఈ వారమే ప్రతి ఆఫీసులో ఒక పని చేయండి. ఒక్కో ఎక్స్‌టెన్షన్ నుంచి మీ సొంత మొబైల్‌కు కాల్ చేయండి. ఏం కనపడిందో కాగితం మీద రాయండి. ఆ నెంబరుకే తిరిగి చేసి, ఎవరు ఎత్తారో, ఏమన్నారో చూడండి. మనల్ని నమ్మి ఫోన్ చేసిన అక్కకు రేపు ఎదురయ్యేది అదే.